గృహమునకు టీవీ కొనుట: యజమాని వివేచన

దసరా, దీపావళి సమీపించిన కొలది క్రొత్త ఫ్లాట్ స్క్రీన్ టీవీ కొనదలచిన గృహస్థుడు రెండు చోట్లకు పోవుచున్నాడు. మొదట షోరూమునకు, పిమ్మట దేవాలయమునకు. షోరూములో ఎన్ని అంగుళములని అడుగును. దేవాలయములో అర్చకుని పిలిచి ఏ దిక్కున పెట్టవలెను, ఏ వారమున ఇంటికి తేవలెను అని అడుగును. ఈ రెండు ప్రశ్నలకును సమాధానములు సులభముగనే దొరకుచున్నవి. వీని నడుమ ఎవరికిని పట్టక మిగిలిపోవు ప్రశ్న మరొకటి కలదు: ఆ ఇంట ఆ తెర యెదుట నిత్యము కూర్చుండువారెవరు?

దిక్కు సంగతి ముందుగా తేల్చవచ్చును. మయమతము, మానసారము వంటి వాస్తుగ్రంథములు వెలసిన కాలమున విద్యుత్తు లేదు, టీవీ లేదు. దూరదర్శన స్థానమను మాట వానియందు ఎంత వెదకినను కానరాదు. విద్యుత్తు అగ్నితత్త్వము గనుక టీవీ ఆగ్నేయమున ఉండితీరవలెనని చెప్పుట సాదృశ్యమును బట్టి చేసిన ఊహయే గాని శాస్త్రప్రమాణము కాదు. ఆ తర్కమునే అంగీకరించినచో ఫ్రిజ్జు, సీలింగు ఫ్యాను, చొక్కా జేబులోని ఫోను సైతము ఆగ్నేయమునకే చేరవలెను. శాస్త్రము మౌనము వహించిన చోట లౌకికయుక్తిని ఆశ్రయించుట పూర్వుల పద్ధతి. ఇచట ఆ యుక్తి చెప్పునది ఒక్కటే: తూర్పు పడమరల కంటె కిటికీ ముఖ్యము. కిటికీకి అభిముఖముగా తెర నిలిపినచో పగలంతయు అందు కనబడునది బయటి వెలుతురే. కిటికీ ప్రక్కనున్న గోడ శ్రేష్ఠము.

ఎత్తు విషయమున నేటి ఇండ్లలో జరుగుచున్న పొరపాటు మరింత వింతయైనది. దేవుని పటము తగిలించినట్లు తలయెత్తి చూడవలసిన ఎత్తున టీవీని గోడకు బిగించుచున్నారు. పటము నెదుట మనుష్యుడు నిలుచుండి, ఒక్క క్షణము చూచి, నమస్కరించి పోవును. టీవీ నెదుట కూర్చుండి రెండు గంటలు చూచును. రెంటి ఎత్తు ఒకటి ఎట్లగును? కూర్చున్నవాని కంటికి తెర మధ్యభాగము ఇంచుమించు సమముగా ఉండవలెను. మెడనొప్పికి తైలము వెదకుటకు ముందు గోడమీది మేకును చూచుట మంచిది.

అపార్టుమెంటులలో వేరొక చిక్కు కలదు. టీవీ పాయింటు ఎచట ఉండవలెనో భవన నిర్మాత ముందే నిర్ణయించియుండును. పెక్కు ఇండ్లలో అది పూజామందిరము ఆనుకొనియున్న గోడయే. దీనికి దిగ్దోషమను పేరు పెట్టనక్కరలేదు. దోషము మరింత స్పష్టమైనది. ధ్యానమున కన్నులు మూసికొనవచ్చును. చెవులకు రెప్పలు లేవు. సంకల్పము చెప్పుచున్న కంఠము, వార్తలు చదువుచున్న కంఠము నాలుగడుగుల దూరమున పోటీపడినచో ఏది గెలుచునో చెప్పనక్కరలేదు. ఎలక్ట్రీషియను తీగను పైనుండి లాగి ప్లాస్టిక్ పట్టీతో కప్పినచో టీవీ ఎదుటి గోడకు మారును. లక్షలు పోసి ఇల్లు కొన్నవారు ఈ కొద్దిపాటి ఖర్చునకు వెనుదీయుట ఆశ్చర్యము.

ఇక తెర పరిమాణము. విక్రేత నోట వెలువడు మొదటి మంత్రము 4కే. అనగా అడ్డముగా 3840, నిలువుగా 2160 బిందువులు, మొత్తము సుమారు 83 లక్షలు. దానికి ముందున్న ఫుల్ హెచ్‌డీ తెరలో 1920, 1080 చొప్పున సుమారు 21 లక్షలు మాత్రమే. నాలుగింతలు ఎక్కువ యనగానే కొనువాని మనస్సు కరగును. కాని చూచునది యంత్రము కాదు, నేత్రము. ఆరోగ్యముగల మానవనేత్రము ఒక డిగ్రీలో అరువదవ వంతు కోణమును మాత్రమే విడదీసి గ్రహింపగలదు. ఈ లెక్కన 43 అంగుళముల ఫుల్ హెచ్‌డీ తెరను అయిదున్నర అడుగులకు మించిన దూరము నుండి, 55 అంగుళముల తెరను సుమారు ఏడడుగులకు మించిన దూరము నుండి చూచునపుడు, ఆ బిందువులే వేరువేరుగా కనబడవు. అట్టి చోట వానిని నాలుగింతలు చేసినను కంటికి చేరు లాభము స్వల్పము. నేడు 43 అంగుళములు, అంతకు మించినవి అధికముగా 4కేగానే వచ్చుచున్నవి గనుక దానిని కాదని వెదకనక్కరలేదు. అయితే చక్కగా పనిచేయుచున్న పాత టీవీని 4కే కొరకు తీసివేయుట వృథావ్యయము.

పరిమాణమునకు సులభమైన కొలత యొకటి యున్నది. కూర్చుండు చోటి నుండి గోడ వరకు గల దూరమును అంగుళములలో కొలిచి, ఒకటి పాయింటు ఆరు చేత భాగింపవలెను. ఎనిమిది అడుగులు అనగా 96 అంగుళములు. భాగింపగా 60 వచ్చును. 55 అంగుళముల తెర ఆ గదికి సుఖముగా సరిపోవును. ఇచట సాధకులలో కనబడు ఒక భ్రమను ప్రస్తావింపవలసియున్నది. కొందరు ఎనిమిది అడుగుల దూరమునకు 32 అంగుళముల తెర కొని, అదియే అపరిగ్రహమని తృప్తి చెందుచున్నారు. డెబ్బది యేండ్ల తల్లి ఆ తెరమీది అక్షరములు కనబడక కుర్చీని ముందుకు లాగుకొని నాలుగడుగుల దూరమున కూర్చుండును. కుమారుని వైరాగ్యమునకు తల్లి మెడ వంగుచున్నది. చిన్నది కొనుట వ్రతమైనచో అది యజమాని చెప్పుల విషయమున, ఫోను విషయమున ఆరంభింపవచ్చును.

తెరల జాతుల పేర్లు గందరగోళము కలిగించునట్లే పెట్టబడినవి. ఎల్‌ఈడీ టీవీ యనునది వాస్తవమునకు ఎల్‌సీడీయే. అందలి ద్రవస్ఫటికములకు తమదైన కాంతి లేదు. వెనుకనున్న ఎల్‌ఈడీ దీపముల కాంతిని అవి అడ్డగించుటయో వదలుటయో చేయును. క్యూఎల్‌ఈడీ యనునది సైతము ఆ కోవలోనిదే. వర్ణశుద్ధి కొరకు క్వాంటమ్ డాట్ల పొర యొకటి అదనము. ఓఎల్‌ఈడీ మాత్రము వేరు. అందు ప్రతి బిందువు తానే వెలుగును, తానే ఆరును. ఆరినపుడు పరిపూర్ణమైన నలుపు. వేదాంతము చదివినవారికి పరప్రకాశ, స్వప్రకాశ భేదము తటాలున స్ఫురించును. తెలిసికొనుటకు ఉపమానము చక్కనిదే కాని దానిని మరీ దూరము లాగరాదు. ఆ స్వప్రకాశము గోడలోని ప్లగ్గు తీసినంతనే ఆరిపోవును.

మరియొక ఉపమానము ఇంతకంటె ఉపయోగకరము. ఓఎల్‌ఈడీ తెరపై ఒకే చిహ్నము నెలల తరబడి ఒకే చోట నిలిచినచో, ఆ బిందువులు తక్కినవాని కంటె ముందుగా క్షీణించి, దాని నీడ తెరపై శాశ్వతముగా మిగులును. చానెల్ గుర్తు, వార్తల క్రింద పరుగెత్తు పట్టీ ఇట్టివి. బొమ్మ మారినను నీడ పోదు. యంత్రమునకు వాసనలు పట్టినవని చెప్పవచ్చును. ఆధునిక యంత్రములలో దీనికి నివారణోపాయములు కొన్ని కల్పింపబడినను స్వభావము పూర్తిగా మారలేదు. కావున ఉదయము సుప్రభాతము నుండి రాత్రి ఏకాంతసేవ వరకు ఒకే భక్తి చానెల్, లేదా రోజంతయు ఒకే వార్తా చానెల్ నడచు ఇంటికి ఎల్‌సీడీ జాతియే మేలు. రాత్రివేళ దీపములు తగ్గించి చలనచిత్రములు చూచు ఇంటికి, ధనమున్నచో, ఓఎల్‌ఈడీ మేలు.

ఎల్‌సీడీలో సైతము రెండు తెగలు కలవు. వీఏ పలక ఎదురుగా కూర్చున్నవానికి చక్కని నలుపును చూపును. ప్రక్కకు జరిగినచో వెలవెలబోవును. ఐపీఎస్ పలకలో నలుపు కొంత బూడిదవర్ణమైనను ప్రక్కనుండి చూచువారికి రంగులు నిలుచును. తెలుగు ఇంటి హాలులో ఎదుటి సోఫా యజమానిది, పిల్లలది. తాతగారి కుర్చీ ఎప్పుడును ఒక ప్రక్కన, గాలి తగులు చోట ఉండును. విక్రేతను అడుగుటకు ముందు తెరకు ప్రక్కగా నాలుగడుగులు నడచి చూచినచో విషయము తానే తెలియును. షోరూములో తెరలన్నియు మిక్కిలి ప్రకాశముతో, కృత్రిమమైన రంగులతో పెట్టబడియుండును. రిమోటు అడిగి తీసికొని చిత్రమును సినిమా మోడునకు మార్పించి అప్పుడు పోల్చవలెను. కదలికను నునుపు చేయు ఏర్పాటును ఇంట ఆపివేయుట మంచిది. దానివలన ప్రతి చలనచిత్రమును సీరియలు వలె కనబడును. 1957 నాటి మాయాబజారు వంటి చిత్రములు నేటి తెరకంటె వెడల్పు తక్కువైన చట్రమున తీయబడినవి. వానిని తెరనిండ సాగదీసి చూచుట వలన శ్రీకృష్ణుని ముఖము సైతము వెడల్పగుచున్నది. ప్రక్కల నల్లని పట్టీలు మిగిలినను నష్టము లేదు.

శబ్దమును గూర్చి ఎవరును అడుగరు. నిజమునకు కుటుంబకలహములకు చిత్రము కంటె శబ్దమే హేతువు. పూర్వపు పిక్చర్ ట్యూబు టీవీ పెట్టె లావుగా ఉండుటచే స్పీకర్లు ఎదురుగా, విశాలముగా అమరెడివి. నేటి తెర పలుచనగుటచే అవి చిన్నవై, అధికముగా క్రిందివైపునకో వెనుకకో తిరిగియున్నవి. వార్ధక్యమున చెవి మొదట కోల్పోవునది హెచ్చుస్థాయి ధ్వనులను. శిక్షాశాస్త్రము తెలిసినవారి మాటలో చెప్పవలెనన్న అచ్చులు వినబడును, స, ష, త, ప వంటి హల్లులు జారిపోవును. అందువలన వృద్ధులకు శబ్దము వినబడును గాని మాట తెలియదు. మాట తెలియక శబ్దము పెంచుదురు. లోపలి గదిలో చదువుకొను విద్యార్థి తలుపు గట్టిగా వేయును. కోడలు ఏదో అనును. ఆ పెద్దవారు టీవీ ఆపివేసి గోడవైపు తిరిగి పడుకొందురు. ఇన్ని ఇండ్లలో నిత్యము జరుగు ఈ చిన్న హింసకు నివారణ తెర పరిమాణమును ఒక మెట్టు తగ్గించి, మిగిలిన ధనముతో సంభాషణలను స్పష్టముగా వినిపించు సౌండ్‌బారు కొనుటయే. కొనునపుడు పాటను కాక వార్తలను పెట్టించి వినవలెను.

ధనము ప్రస్తావన వచ్చినది గనుక: 32 అంగుళములకు మించిన టీవీలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గింది. ఆ మేరకు పాతధర ఎంత, క్రొత్తధర ఎంత అని అడుగు హక్కు కొనువానికి కలదు. నో కాస్ట్ ఈఎంఐ యనునది పేరునకే. రొక్కమిచ్చువానికి దక్కు తగ్గింపు వాయిదాలవానికి దక్కకపోవుటయే అందలి వడ్డీ. సున్నా వడ్డీ యనునది ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టము చేసినది. ఋణము చేసి వినోదమును తెచ్చుకొనువాడు తెర వెలిగిన ప్రతిసారి ఋణదాతను కూడ ఇంటికి పిలిచినట్లే.

ఇంత చెప్పిన పిమ్మట సాధకుడైనవాడు ఒక ఆక్షేపణ చేయును. ఈ వస్తువే ఇంట లేకుండుట ఉత్తమము కదా? ఇంద్రియములను బయటికి లాగు దీనిని ఎంచి, కొలిచి తెచ్చుకొనుట ఎందులకు? ఈ ప్రశ్న 1990 ప్రాంతమున అడిగియున్నచో బలము గలది. నేడు దాని బలము సన్నగిల్లినది. టీవీ లేదని గర్వించు ఇంట నలుగురి చేతులలో నాలుగు ఫోనులు ఉన్నవి. నలుగురు నాలుగు గదులలో, నాలుగు లోకములలో ఉన్నారు. వారిలో ఎవరు ఏమి చూచుచున్నారో రెండవవానికి తెలియదు.

ఈ దేశమున దూరదర్శనము ఏ రూపమున పల్లెలకు వచ్చినదో ఒకమారు స్మరింపవలెను. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరము పాటు ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా ప్రసారములు అందించిరి. ఊరికి ఒకటి చొప్పున సామూహికముగా టీవీ నిలిపిరి. ఊరంతయు ఒకచోట కూర్చుండి చూచెను. 1987 జనవరిలో రామానంద్ సాగర్ రామాయణము ఆరంభమైనపుడు ఆదివారము ఉదయము టీవీ ఉన్న ఇంట వీధి మొత్తము చేరెడిది. కొందరు స్నానము చేసి వచ్చి, పెట్టెకు పూలమాల వేసిరి. ఆ పెట్టెకు ప్రాణప్రతిష్ఠ జరుగలేదు గనుక అది అర్చామూర్తి కాదని శాస్త్రజ్ఞులు అనవచ్చును, అది సత్యమే. అయినను ఆ గదిలో ఒక సభ యుండెను. ఒకడు నవ్వినపుడు పదిమంది నవ్విరి. సీతాపహరణము నాడు ముసలమ్మ కంటతడి పెట్టుకొనుటను మనుమడు చూచెను. మనుమడు నేర్చుకొన్నది తెరమీదినుండి కొంత, ఆ కంటినుండి కొంత.

హాలులోని టీవీకి ఫోనుకు లేని గుణమొకటి కలదు. దానికి సాక్షులు ఉందురు. తల్లి వచ్చుచు పోవుచు చూచుచుండగా బాలుడు చూడదగనిదానిని చూడజాలడు. తండ్రి సైతము చూడజాలడు, ఈ రెండవది పైకి చెప్పబడదు. సాక్షిసన్నిధి యందు ఇంద్రియములు తామే కొంత సర్దుకొనును. కావున పడకగదిలో రెండవ టీవీ కూడదు; హాలులో ఒక్కటి, అందరికి కనబడు పరిమాణమున, అందరికి వినబడు శబ్దముతో ఉండుట నేటి గృహస్థునకు దోషము కాదు. చెదరిన ఇంటిని ఒక గంట సేపైనను ఒకచోట కూర్చుండబెట్టు సాధనముగా దానిని వాడుకొనవచ్చును. అయిదేండ్ల లోపు శిశువుల విషయము వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండు నుండి నాలుగేండ్లవారికి రోజునకు ఒక గంటకు మించరాదని, ఏడాది నిండనివారికి తెర అసలే వలదని సూచించినది. అన్నము తినిపించుటకు తెరను చూపు అలవాటును తల్లులు ఎంత త్వరగా మానినచో అంత మేలు.

సంధ్యాకాలమును గూర్చి పాత తగవు ఒకటి యున్నది. దీపము పెట్టు వేళకే సీరియళ్లు ఆరంభమగునని ఇల్లాలు, అవి వదలినచో కథ తెగునని అత్తగారు. నేటి స్మార్ట్ టీవీలో ఆ సాకు చెల్లదు. అదే కథ ఓటీటీలో రాత్రి భోజనానంతరము చూడవచ్చును. యంత్రము చేసిన మేలు ఇదొక్కటియైనను స్వీకరింపదగినది: ఆరు నుండి ఏడు వరకు తెర చీకటిగా ఉండుట వలన ఎవరికిని ఏ నష్టము లేదు.

స్మార్ట్ టీవీతో వచ్చిన క్రొత్త కీడు వేరొకటి. అది చూడబడుటతో తృప్తిపడక తానును చూచుచున్నది. తెరపై నడచుచున్నది ఏమో క్షణక్షణము గుర్తించి సంస్థకు పంపు ఏర్పాటు పెక్కు యంత్రములలో కలదు. అమెరికాలో విజియో సంస్థ సుమారు కోటి పది లక్షల టీవీల నుండి ఇట్టి సమాచారమును చూచువారి సమ్మతి లేకయే సేకరించినదను అభియోగముపై 2017లో 22 లక్షల డాలర్లు చెల్లించుటకు అంగీకరించినది. అతిథిగా వచ్చి, ఇంట ఎవరు ఎన్ని ముద్దలు తినిరో లెక్కించి బజారులో అమ్మువానిని ఎవరును రెండవమారు పిలువరు. టీవీ తొలిసారి వెలిగించినపుడు వచ్చు నిబంధనలన్నిటికిని సరేయని నొక్కుచు పోరాదు. చూపుల సమాచారమునకు సంబంధించినదానిని నిరాకరింపవలెను. అదివరకే అంగీకరించినచో సెట్టింగులలో వెదకి ఆపవలెను.

ప్రత్యక్షప్రసారములను గూర్చి భక్తులు తరచుగా సంశయపడుచుందురు. తిరుమల కల్యాణోత్సవమును మంచముపై పడుకొని చూడవచ్చునా? లేవలేని రోగికి ఏ దోషమును లేదు. 2020లో దేవాలయముల ద్వారములు భక్తులకు మూసియున్నపుడు ఆ తెరయే ఎందరికో ఊరట. లేవగలవాడు లేచి కూర్చుండుట మర్యాద. అయితే తెరమీద బ్రహ్మోత్సవము చూచి, ఎదుటి వీధిలోని చిన్న రామాలయమున దీపమునకు నూనె ఉన్నదో లేదో ఏడాదికొకమారైనను చూడనివాని సంగతి వేరు. దానికి ఏ అంగుళముల తెరయు పరిహారము కాజాలదు.

కొనుటకు పోవునాడు ఇంటి పెద్దావిడను వెంట తీసికొని పోవలెను. సాధారణముగా ఆమెను ఇంట విడచి, యువకులు మాత్రమే పోవుదురు. పగలంతయు ఆ తెర నెదుట ఒంటరిగా కూర్చుండునది ఆమెయే. షోరూములో ఆమెను ప్రక్కకుర్చీలో కూర్చుండబెట్టి, వార్తలు పెట్టించి, ఏమి చెప్పిరో అడుగవలెను. పిమ్మట రిమోటు ఆమె చేతికీయవలెను. నేటి టీవీ తెరవగానే పదునైదు ఓటీటీల బొమ్మలు నిలుచును. వాని నడుమ తన చానెల్ ఎచటనో తెలియక పెక్కుమంది వృద్ధులు మనుమడు బడినుండి వచ్చువరకు ఖాళీతెరను చూచుచుందురు. మీట నొక్కగానే సెట్‌టాప్ బాక్సు తెరుచుకొనునట్లు అమర్చు సౌకర్యము చాల యంత్రములలో కలదు; దానిని అక్కడనే అమర్పించి చూడవలెను. ఎవరి సాయము లేక, మూడు మీటలకు మించకుండ ఆమెకు కావలసిన చానెల్ వచ్చినచో, ఇక బిల్లు వ్రాయించవచ్చును.